దిష్టి కమ్మి

దోసెలోకి చేసిన చట్నీలో పలుకులు తగులుతున్నాయని మా ఆయన తింటున్న తట్టను పక్కకు నెట్టాడు.

"ఇది చట్నీనా? సెనక్కాయలు పంటికింద రాళ్ల మాదిరి తగల్తాండాయి."

"రోట్లో బరగ్గా నూరిన ఊరిబిండి అనుకొని తినండి," అన్నాను.

"ఊరిబిండి సంగట్లోకి. దోసెలోకి ఎవురన్నా జేస్తారా?"

"మిక్సీ రెండు చుట్లు తిరగ్గానే స్విచ్చు పడిపోయింది. మూడుసార్లు లేపితే మూడుసార్లూ పడింది. రోట్లో నూరుదామంటే పాప వర్షిత స్కూలు బస్సుకు టైమైంది."

"నువ్వు మిక్సీ ఏస్తేనే గదా అది పడేది? అంటే దోసం యాడుండాది?"

మిక్సీ నేను వాడేది కాబట్టి దోషం నా దగ్గరే ఉందని ఆయన ఉద్దేశం. వసారాలో కూర్చున్న మామ రెడ్డెప్ప తన వంతు కూడా కలిపాడు.

"మా యమ్మ జల్మలో మిక్సీ మొగం సూడల్యా. ఆయమ్మ రోట్లో నూరితే ఏలు పెట్టి ఎతికినా పలుకు దొరికేది గాదు."

"మీ యమ్మకు బస్సుకు పొయ్యే మనవరాలు ల్యాకపాయలే," అంది అత్త మునిరత్నమ్మ లోపలి నుంచి. అత్త నా పక్షాన మాట్లాడిందని కాదు. మామను ఒక మాట అనడానికి సందు దొరికితే ఆమె వదులుకోదు, అంతే.

ఇది రెండు వేల మూడో సంవత్సరం, పుంగనూరులో, మా ఇంట్లో. ఆ సంవత్సరం శివరాత్రి తర్వాత మెయిన్ స్విచ్చు పక్కన ఒక తెల్లడబ్బా పెట్టించాం. పెట్టించాం అనడం మర్యాదకు. పెట్టించమని రెండు నెలలు అడిగింది నేను. కుప్పంలో మా పిన్నమ్మ చౌడమ్మ దండెం మీద తడి చీర ఆరేస్తూ చనిపోయింది. దండెంగా కట్టిన ఇనుప తీగ ఎప్పటి నుంచో స్నానాల గది లైటు వైరుకు ఆనుకొని ఉందట. ఎవరూ చూడలేదు. నేను వెళ్లేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. ఆ చీర మాత్రం ఇంకా దండెం మీదే ఉంది, సగం పరిచి.

ఆ డబ్బా చేసే పని చిన్నది. ఇంట్లోకి వచ్చిన కరెంటు పని ముగించుకొని తన తీగ వెంటే తిరిగి వెళ్లాలి. మధ్యలో కొంత దారి తప్పి గోడలోకో, నేలలోకో, మనిషి ఒంట్లోకో పోతే వెళ్లినదానికీ వచ్చినదానికీ తేడా వస్తుంది. ఆ తేడా హద్దు దాటగానే డబ్బా స్విచ్చు పడిపోయి ఇల్లంతా చీకటవుతుంది. నేను మదనపల్లెలో బి.ఎస్సీ. చదివాను, భౌతికశాస్త్రం తీసుకొని. మా ఇంట్లో ఆ సంగతి పెళ్లిచూపుల నాడు ఒకసారి మాట్లాడుకున్నారు. మళ్లీ ఎవరికీ దాని అవసరం రాలేదు.

మొదటి మూడు నెలలు డబ్బా కదల్లేదు. ఆవు ఈనిన వారానికి మొదలైంది. ఉదయం ఆరు కాకముందు ఒకసారి, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఒకసారి. లేపితే పడుతుంది, లేపితే పడుతుంది. పావుగంట గడిచాక ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది. ఉదయం ఆ వేళకు నేను మిక్సీ దగ్గర ఉంటాను, సాయంత్రం గ్రైండరు దగ్గర. ఇక సాక్ష్యం ఎందుకు?

పలుకుల చట్నీ నాటి సాయంత్రమే మా ఆయన ఎలక్ట్రీషియన్ ముద్దుకృష్ణను పిలుచుకొచ్చాడు. బజారులో మా విత్తనాల అంగడి పక్కనే అతనిది. అతను టెస్టరు పట్టుకొని మిక్సీని తట్టాడు, గ్రైండరును తట్టాడు, వాసన కూడా చూశాడు.

"మోటర్లు తేమ పట్టినాయక్కా. వీటిని ఏయొద్దు."

"మధ్యాహ్నం కూడా ఇవే వేస్తాను. అప్పుడు పడదే?"

"మద్యాన్నం ఎండకు ఆరి ఉంటాయిలే."

"వంటింట్లో అల్మారాలో ఉన్నవి ఎండకు ఎట్లా ఆరతాయి?"

అతను నాకు జవాబు చెప్పకుండా మా ఆయన వైపు తిరిగి నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. ఇంట్లో ఉన్న ఇద్దరు మగవాళ్లు కలిసి నవ్వితే అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చినట్టే లెక్క.

మిక్సీ, గ్రైండరు రెండూ అటక ఎక్కాయి. నేను రోటి దగ్గరికి వెళ్లాను. మరునాడు సాయంత్రం గ్రైండరు అటక మీద ఉండగానే స్విచ్చు పడింది.

"ఇప్పుడేమంటారు?" అన్నాను.

"ఇస్త్రీపెట్టె అయ్యుంటాది," అన్నాడు మా ఆయన.

"ఇస్త్రీపెట్టె చల్లగా ఉంది. తాకి చూడండి."

"అయితే ఫ్రిజ్జు. ఏదో ఒకటి. యాల ఊరికే వాదిస్తావు? ఆదివారం ముద్దుకృష్ణను రమ్మన్యా. ఆ డబ్బా పీకేసి డైరెక్టు ఇచ్చేస్తాడు. ఈ ఈదిలో ఎవురింట్లో ఉండాది ఆ డబ్బా? అందురూ బతకల్యా?"

"మా పిన్నమ్మ కూడా అట్లాగే బతికింది, చచ్చిపోయే దాకా."

"అది వేరే," అన్నాడు.

"కరెంటు ఎక్కడో నేలలోకి పోతోందని ఆ డబ్బా చెబుతోంది. చెప్పేదాని నోరు మూసేస్తే పోయే కరెంటు ఆగిపోతుందా?"

"అది సెప్పేది నీకొక్కదానికే ఇనపడ్తాండాది."

ముద్దుకృష్ణ కూడా పోతూ పోతూ ఒక మాట అని ఉన్నాడు. ఈ డబ్బాలు బెంగుళూరు ఇళ్లకట, మన ఇళ్లకు పడవట. బెంగుళూరు మనుషులకు షాకు కొడితే నొప్పి ఎక్కువ పుడుతుందేమో, నేను అడగలేదు. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులు ఉన్నాయి. ఆలోపల ఆ కరెంటు ఎక్కడికి పోతోందో నేను చూపించాలి. చూపించలేకపోతే డబ్బా ఉండదు. ఆ తర్వాత ఈ ఇంట్లో తడి చేతులతో తిరిగే ముగ్గురు ఆడవాళ్లకు ఏదైనా అయినప్పుడు చెప్పడానికి ఏదీ ఉండదు.

పాత క్యాలెండరు కాగితం ఒకటి తీసి వెనకవైపు గీతలు గీశాను. పడిన టైము, అప్పుడు ఏవి ఆన్‌లో ఉన్నాయి, ఎన్నిసార్లు లేపితే నిలిచింది. శుక్రవారం మధ్యాహ్నం మా ఆయన అంగట్లో ఉండగా మిక్సీ, గ్రైండరు అటక మీద నుంచి దింపాను. రెండూ వేశాను. ఇస్త్రీపెట్టె పెట్టాను, ఫ్రిజ్జు, ఫ్యాన్లు, ఇంట్లో ఉన్న లైట్లన్నీ వేశాను. ఇల్లు జాతరలా మోగింది. డబ్బా కదల్లేదు. పది నిమిషాలు దాని ముందే నిలబడ్డాను. అత్త వచ్చి చూసింది.

"ఏంది మే ఇది, పెండ్లి జేస్తాండావా?"

"వీటిలో దోషం లేదు అత్తా. చూడు, పడిందా?"

"మరి సాయంత్రం పడేది?"

"పొద్దునా సాయంత్రం మాత్రమే వేసేది ఏదో ఉంది. అది ఈ ఇంట్లో లేదు."

అత్త బుగ్గన వేలు పెట్టుకుంది. "దిష్టి మే. ఆవు జూడు, ఈనినప్పట్నుంచి తంతానే ఉండాది. పాలు ఎగబట్టింది. ఇంటికీ, ఆవుకూ ఒగేసారి తగిలింది. రేపట్నుంచి కమ్మికి ఇంగో బకెట్టు ఎక్కువ పొయ్యి."

మా పెరట్లో ఆవుల కొట్టం ఉంది. కొట్టం మూలన నేలలో దిగ్గొట్టిన ఇనుప కమ్మి ఒకటుంది, జానెడు పైకి కనిపించేలా. అది పశువుల దిష్టి కమ్మి అనీ, పొద్దునా సాయంత్రం దానికి నీళ్లు పోయాలనీ నేను కాపురానికి వచ్చిన వారంలోనే మామ చెప్పాడు. పదమూడేళ్లుగా పాత్రలు కడిగిన నీళ్లు బకెట్టుతో మోసుకెళ్లి పోస్తున్నాను. అత్త అంతకు ముందు నుంచీ శుక్రవారం శుక్రవారం దానికి పసుపు పూసి, కుంకుమ పెడుతోంది. ఆవు తన్నడం మొదలుపెట్టినప్పటి నుంచి బకెట్టు కాస్తా రెండైంది. అత్త చెప్పినట్టు చేస్తే ఇప్పుడు మూడు.

నేను దిష్టి నమ్మను. నీళ్లు మాత్రం పోశాను. పెద్దవాళ్లు చెప్పిన పనికి కారణం అడగడం తప్పని ఎవరూ నాకు నేర్పలేదు, నేనే నేర్చుకున్నాను. అందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

శనివారం పొద్దున క్యాలెండరు కాగితాన్ని మళ్లీ ముందు పెట్టుకున్నాను. డబ్బా పడిన ప్రతి వేళా పాలు పిండే వేళే. పాలు పిండే వేళకు కొట్టంలో లైటు వేస్తారు. దాని స్విచ్చు కొట్టంలోనే ఉంది, వేసేది మామ ఒక్కడే. ఇంట్లో లైట్లన్నీ లెక్కపెట్టిన నేను దాన్ని లెక్కపెట్టలేదు.

పెరట్లోకి వెళ్లాను. వంటింటి వెంటిలేటరులోంచి నల్లటి తీగ బయటికి వచ్చి, దానిమ్మ చెట్టు మీదుగా కొట్టం వాసానికి పోతుంది. పదమూడేళ్లుగా దాని కింద నుంచే నడుస్తున్నాను. ఆ పొద్దున మొదటిసారి తలెత్తి దాని వెంబడి చూశాను. ఒక్కటే తీగ. ఒక్క తీగతో బల్బు వెలగదు. తొమ్మిదో తరగతి పిల్లకు కూడా తెలుసు ఈ మాట. కరెంటు పోవడానికి ఒక తీగ, రావడానికి ఒక తీగ. ఇక్కడ పోవడానికి ఉంది. మరి రావడానికి?

బల్బు హోల్డరు నుంచి రెండో తీగ గుంజ వెంట కిందికి దిగింది. పేడ, దుమ్ము పట్టి గుంజ రంగులో కలిసిపోయింది. వేలితో గీకకుండా కళ్లతోనే దాని వెంట కిందికి వచ్చాను. అది మూలకు పోయి, నేల పక్కగా నడిచి, పసుపు పూసిన కమ్మి మొదలుకు మూడు చుట్లు చుట్టుకుని ఆగింది. అత్త నిన్న పెట్టిన కుంకుమ బొట్టు దానికి సరిగ్గా పైన ఉంది.

హోల్డరులో వంద వాట్ల బల్బు ఉంది, కొత్తది. అంతకు ముందు ఇరవై ఐదు వాట్లది మినుకుమినుకుమంటూ ఉండేది. దూడకు వెలుతురు కావాలని మామ మార్చినట్టున్నాడు. చిన్న బల్బుకు నేలలోకి పోయే కరెంటు డబ్బా హద్దు లోపలే ఉండేది, దీనికి దాటిపోతోంది.

రెండడుగులు వెనక్కి వేశాను. ప్రతి పొద్దూ ఒట్టికాళ్లతో ఆ తడిలోనే నిలబడి నీళ్లు పోశాను. వర్షిత సెలవుల్లో పోసింది. ఆవు తన్నిందంటే తన్నదా? చెప్పులు వేసుకొని కూర్చుని పిండే అత్తకు తెలియలేదు గానీ, నాలుగు కాళ్లూ తడి నేల మీద పెట్టుకొని నిలబడే ఆవుకు తెలిసింది. అది తన్నిన కొద్దీ మేం కమ్మికి నీళ్లు ఎక్కువ పోశాం. నీళ్లు పోసిన కొద్దీ భూమిలోకి కరెంటు ఎక్కువ పోయింది.

ఆ సాయంత్రం నేను నీళ్లు పోయలేదు. మామ వచ్చి లైటు వేశాడు. అత్త చెంబుతో ఆవు దగ్గర కూర్చుంది. ఆవు తన్నింది.

"మామా, ఒక్క నిమిషం లైటు ఆపండి," అన్నాను.

"యాల?"

"ఆపండి, చెబుతాను."

మామ గొణుక్కుంటూ ఆపాడు. బయట ఇంకా కొంచెం వెలుతురు ఉంది. అత్త మళ్లీ కూర్చుంది. ఆవు కదల్లేదు. చెంబులో పాలధార చప్పుడు తప్ప ఏమీ లేదు. నెల రోజుల తర్వాత వినడం ఆ చప్పుడు.

"దిగింది!" అంది అత్త. "దిగింది మే దిష్టి!"

"ఇప్పుడు లైటు వేయండి మామా."

వేశాడు. ఆవు కాలు విసిరింది. అత్త చెంబు ఎత్తుకొని లేచింది. ఆవును, దూడను విప్పి బయట గుంజకు కట్టేశాం. నేను చెప్పులు వేసుకొని, ప్లాస్టిక్ బకెట్టుతో దూరం నుంచి కమ్మి మీద నీళ్లు విసిరాను. బల్బు ఒక్కసారి తెల్లగా మెరిసి ఆరిపోయింది. ఇల్లు కూడా చీకటైంది. అప్పుడే అంగడి నుంచి వచ్చిన మా ఆయన వెనక వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"మిక్సీ వేయలేదు, గ్రైండరు వేయలేదు," అన్నాను. "చూశారు గదా."

మామ కమ్మి వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"అది ఎర్తు," అన్నాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు. "మా ఊర్లో నలభై ఏండ్లుగా నేను ఇట్లే ఏస్తాండా. ఒగ తీగతో దీపం ఎలిగించినోడు రెడ్డెప్ప అని అందురూ సెప్పుకుంటారు. రెండో తీగ దండగ. బూమమ్మే తీసుకుంటాది. తడి ఉంటే చాలు."

"దిష్టి కమ్మి అన్నావే!" అంది అత్త.

"ఆడోళ్లకు ఎర్తు అంటే తెలుస్తాదా? ఎర్తుకు నీళ్లు పొయ్యమంటే ఒగనాడు పోస్తారు, రెండో నాడు మరిసిపోతారు. దిష్టి అంటే మరువరు గదా."

అత్త చేతిలో చెంబు అలాగే ఉంది. పాలు ఒలుకుతున్నాయి, ఆమె చూసుకోవడం లేదు.

"నేను పసుపు పూసినానే దానికి. చేత్తో. ఎన్ని సుక్కురారాలు?"

"పొద్దెక్కినాక గదా పూస్తావు. అప్పిటికి దీపం ఆర్పేసుంటా."

"ఒగనాడు ఆర్పేది మరిసిపోయుంటే?"

"మరవల్యా గదా."

"నేను నీళ్లు పొయ్యడం మరుస్తానా, నువ్వు ఆర్పడం మరువవా? నీకొక్కనికేనా గ్యానం? దండం పెట్టుకున్యాను నేను దానికి! పిల్ల పాసు కావాలని మొక్కుకున్యాను!"

నేను మా ఆయన వైపు తిరిగాను. "మీకు తెలుసా?"

"ఏంది?"

"ఆ తీగ కమ్మికి కట్టి ఉందని."

ఆయన వాళ్ల నాయన వైపు చూశాడు. అది చాలు నాకు.

"ఊర్లో అందురూ అట్లే ఏస్తారు," అన్నాడు చివరికి. "దాంట్లో ఏముండాదిలే అనుకున్యా."

"ముద్దుకృష్ణ వచ్చినప్పుడు చెప్పొచ్చు గదా?"

"నాయన ముందర... పరాయోని కాడ యాల సెప్పేదని."

నాయన పరువు పోకూడదు. నా మిక్సీ అటక ఎక్కవచ్చు, నేను రోటి దగ్గర కూర్చోవచ్చు, చదువుకున్న దాని మాట విని నవ్వవచ్చు, డబ్బా పీకించవచ్చు. పన్నెండేళ్ల వర్షిత ఆ తడిలో నిలబడవచ్చు. తెలియక చేశాడంటే క్షమించేదాన్నేమో. ఈయనకు తెలుసు.

"అయినా ఇప్పుడేమైపాయ?" అన్నాడు మామ, కండువా దులుపుకుంటూ. "నలభై ఏండ్ల లైను నాది. మొన్నొచ్చింది డబ్బా. దాన్ని రేపు పీకించేస్తే సరిపాయ. దేవేంద్రా, ముద్దుకృష్ణను రమ్మన్యావు గదా?"

"రమ్మన్యా," అన్నాడు మా ఆయన, నా ముఖం చూడకుండా.

నేను లోపలికి వచ్చాను. మెయిన్ ఆపి, టార్చి వర్షిత చేతికిచ్చి పట్టుకోమన్నాను. వంటింటి బోర్డు మూత విప్పి, కొట్టానికి పోయే తీగను స్క్రూడ్రైవరుతో ఊడదీశాను. కొసకు టేపు చుట్టి, వెంటిలేటరు బయటికి తోశాను. తర్వాత మెయిన్ వేసి, డబ్బా లేపాను. నిలిచింది. చేతులు కడుక్కొని సంగటి కెలికాను.

ఆ పూట తట్టలు వేసి, సంగటి ముద్దలు పెట్టి, చింతాకు పప్పు వడ్డించాను. మామ, మా ఆయన, వర్షిత కూర్చున్నారు. అత్త ఎప్పుడూ వడ్డనలో నాతో పాటు నిలబడుతుంది. ఆ రోజు ఒక పీట లాక్కొని మామ ఎదురుగా కూర్చుంది. నన్ను కూడా కూర్చోమంది. కూర్చున్నాను.

మామ ముద్ద తుంచి పప్పులో అద్దుతూ, "రేపు పొద్దున్నే వొస్తాడా వాడు?" అన్నాడు.

"పొద్దున్నే వస్తాడు మామా," అన్నాను నేను. "డబ్బా పీకడానికి కాదు. కొట్టానికి రెండు తీగల వైరు లాగడానికి. అతను లాగేటప్పుడు పక్కన నేను నిలబడతాను. కొట్టం తీగను బోర్డులోంచి ఇందాకే విప్పేశాను. రెండో తీగ వచ్చే దాకా పాలు వెలుతురు ఉండగానే పిండుకుందాం."

మామ చేయి తట్టలోనే ఆగింది. "ఈ ఇంట్లో ఏ తీగ ఉండాల్నో సెప్పేది నువ్వా?"

"ఆ పిల్లే," అంది అత్త. "తిను."

మా ఆయన నీళ్ల గ్లాసు ఎత్తాడు, తాగకుండా దించాడు. "గమ్మునుండు నాయనా," అన్నాడు. వాళ్ల నాయనతో ఆయన ఆ మాట అనడం నేను వినడం అదే మొదలు. దానికి నేను ఆయనను మెచ్చుకోలేదు. నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చిన మాట అది.

"ఇంకొకటి," అన్నాను. "ఆ కమ్మికి ఇక నేను గానీ, అత్త గానీ, వర్షిత గానీ చుక్క నీళ్లు పోయం. దాన్ని నేలలోంచి పీకేయాలి. ముద్దుకృష్ణ పీకడు, నేను పీకను. రేపు పొద్దున మీరే పీకాలి మామా, అత్త చూస్తూ ఉండగా."